లేడు అన్నవాడు

ఆ షెడ్డులో కన్నవాళ్ళు పెట్టిన పేరుతో అతన్ని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ అతను 'లేడు'. దాంతో కొత్తగా వచ్చినవాళ్ళకి పెద్ద చిక్కొచ్చి పడేది. "లేత్ మీద పనిచేసే కుర్రాడు ఉన్నాడా?" అని అడిగితే, గుమ్మం దగ్గర గ్రైండింగ్ చేసే ముసలాయన తలెత్తకుండానే "లేడు ఉన్నాడు, లోపలికెళ్ళండి" అనేవాడు. అతను టీకి బయటికెళ్ళినప్పుడైతే "లేడు లేడు" అనేవాడు. "ఒకసారి చెబితే వినపడుతుందయ్యా, నాకేం చెవుడు లేదు" అని ఒక లారీ డ్రైవరు కయ్యానికి కూడా దిగాడు.

ఈ పేరు పెట్టింది బావ. అంటే అక్క మొగుడు. అదే షెడ్డులో వెల్డరు. రోజూ పొద్దున్నే వచ్చి, క్యారేజీ మేకుకి తగిలించి, గోడవైపు తిరిగి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. పెదవులు కదిలేవి. అదయ్యాక వెల్డింగ్ ముసుగు నెత్తికెత్తుకుని, లేత్ మోతని మించి అరిచేవాడు:

"ఏరా, ఉన్నాడా?"

టూల్ మీదనుంచి చూపు తిప్పకుండా ఇతను జవాబిచ్చేవాడు:

"లేడు."

"సరే, వస్తే నేనడిగానని చెప్పు."

"వస్తే కదా!"

వాళ్ళిద్దరి పలకరింపు అదే. ఆ తర్వాతే పని మొదలయ్యేది. దేవుడున్నాడా లేడా అన్న అసలు రగడ మధ్యాహ్నం భోజనాల దగ్గర. క్యారేజీలు విప్పేసరికి షెడ్డులోవాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. కూరల కంటే అదే రుచి వాళ్ళకి.

"ఒరే, నీ లేత్‌లో షాఫ్టు ఉంది. దానంతటది తిరుగుతుందా? నువ్వు తిప్పితే తిరుగుతుంది. మరి ఇంత భూమిని తిప్పేవాడు ఒకడుండొద్దా?" అనేవాడు బావ.

"షాఫ్టుని నేనెక్కడ తిప్పుతున్నాను బావా? మోటారు తిప్పుతోంది. నేను పక్కన నిలబడి పేరు కొట్టేస్తున్నాను. మీ ఆయన చేసేదీ అంతే."

షెడ్డంతా గొల్లుమనేది. అందరికంటే పెద్దగా నవ్వేది బావే. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, తన గిన్నెలోంచి ఇంత కూర తీసి ఇతని గిన్నెలో వేసేవాడు. అతనికి ఒళ్ళు మండేది అక్కడే. ఓడినవాడు ఓడినట్టు ఉండాలి కదా! నవ్వి, కూర కూడా వేస్తే ఇక గెలిచినట్టెలా అవుతుంది?

అతనికి ఈ పట్టుదల చిన్నప్పుడే మొదలైంది. అమ్మ పోయిన రోజున పక్కింటావిడ దగ్గరికి తీసుకుని, "దేవుడికి మీ అమ్మంటే ప్రేమెక్కువ నాయనా, అందుకే తొందరగా పిలిపించుకున్నాడు" అంది. "మరి మిమ్మల్నింకా పిలవలేదేం?" అని అడిగాడు. చెంప చెళ్ళుమంది. ఏం తప్పు మాట అన్నాడో అతనికి ఇప్పటికీ అర్థం కాదు. అప్పటికే నాన్న లేడు. అక్కా బావా తెచ్చి పెంచారు. బడి ఒంటబట్టలేదు. బావే చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చి లేత్ దగ్గర నిలబెట్టాడు. పాత కాగితాల కొట్టులో తూకానికి దొరికే పుస్తకాలు, ముందు పేజీ ఉన్నవీ వెనక పేజీ ఊడినవీ, ఏవి దొరికితే అవి తెచ్చి చదివేవాడు. వాటిల్లో దొరికిన ప్రతి వాదాన్నీ నూరి పెట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం బావ మీదికి విసిరేవాడు.

తినే తిండి బావది, పడుకునే గది బావది, చేతిలో పని బావ చలవ. ఏ విషయంలోనూ అతని మాట బావ మాట కంటే ఒక మెట్టు పైన నిలబడే వీలు లేదు, ఈ ఒక్క విషయంలో తప్ప. పైనున్నవాడి మీద అతనికి నిజానికి అంత పగేం లేదు. ఎదురుగా కూర్చుని కూర వడ్డించే మనిషిని కాసేపైనా తలెత్తి కాకుండా తల దించి చూడాలి, అంతే. ఆ సంగతి అప్పట్లో అతనికి తెలియదు. తాను సత్యం కోసం పోరాడుతున్నాననే అనుకునేవాడు.

ఇంతలో బావ వేరే ఊళ్ళో షెడ్డు పైకప్పు పనికని వెళ్ళాడు. వెళ్ళిన కొద్ది రోజులకే బావ వాళ్ళ నాన్న స్నానాలగదిలో పడిపోయాడు. కడుపులో ఏదో చిల్లు పడిందన్నారు. పెద్దాయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో పడేసి ఆసుపత్రికి తెచ్చిందీ, రక్తం ఇచ్చిందీ, సంతకం పెట్టిందీ ఇతనే. "మామయ్యా, కళ్ళు మూయకండి, నాతో దెబ్బలాడండి" అని దారంతా వాగుతూనే ఉన్నాడు. అక్క ఫోన్లో బావకి విషయం చెప్పింది. బయల్దేరానన్నాడు. ఆ తర్వాత అతని ఫోన్ పలకలేదు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందనుకున్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్దాయన వార్డులో మత్తుగా నిద్రపోతున్నాడు. అక్క బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది. ఇతను వార్డు బయట, మెట్ల పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. అప్పుడే చుట్టాలు నలుగురు వచ్చి చూసి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, "అంతా ఆయన దయ" అన్నారు పైకి చెయ్యి చూపిస్తూ. పై అంతస్తులో ఉన్నది మూత్రపిండాల విభాగం.

అతనికి ఎక్కడో కాలింది. కోసింది డాక్టరు. కుట్టు వేసినచోట కనిపెట్టుకుని ఉన్నది నర్సు. రక్తం తనది. పేరు మాత్రం ఆయనకి! సూది గుచ్చినచోట అంటించిన దూదిని తడుముకుంటూ, బావ వస్తే ఏమనాలో మనసులోనే ముక్క ముక్కగా కూర్చుకుంటున్నాడు. 'బావా, నాలోంచి రక్తం తీసేటప్పుడు మీ ఆయన సీసా అయినా పట్టుకోలేదు.' ఇది బాగుంది. దీనికి షెడ్డు పడిపడి నవ్వుతుంది. బావ ఏమంటాడు? 'నిన్ను పంపించింది ఆయనేరా' అంటాడు. దానికి జవాబు? దానికీ ఒకటి దొరికింది. అతని పెదవుల మీదికి నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడు కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. బావ. మూడేసి మెట్లు ఒకేసారి ఎక్కుతూ పరుగెత్తుకొస్తున్నాడు. మొహమంతా మసి, చొక్కా మీద నిప్పురవ్వలు చేసిన చిల్లులు, భుజానికి సంచి. మలుపు దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, తలెత్తి అడిగాడు:

"ఉన్నాడా?"

"లేడు."

నోరు దానంతటదే అంది. నవ్వుతూనే అంది.

బావ మెట్టు మీద కూలబడిపోయాడు. సంచి జారి, లోపలున్న టిఫిన్ డబ్బా మెట్లమీదుగా దొర్లుకుంటూ కిందికి పోయింది. ఆయన ఏడవలేదు. కమ్మీ మీది చెయ్యి మాత్రం వేలు తర్వాత వేలుగా వదులైంది. పైకి ఎక్కడికో ఒకసారి చూశాడు. ఆ చూపులో ప్రార్థన లేదు.

తాను ఏమన్నాడో ఇతనికి వెంటనే అర్థమైంది. వెంటనే అంటే, డబ్బా అడుగు మెట్టుకి చేరేలోపే. కానీ నాలుక లేవలేదు. ఎదురుగా బావ కింద ఉన్నాడు. తాను పైనున్నాడు. తల దించి చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ కోరుకున్న చూపు అది. ఒక్క ఊపిరి సేపు ఆ చూపు అక్కడే ఆగింది.

"బావా! మామయ్య బాగున్నాడు! బతికే ఉన్నాడు!" అంటూ అప్పుడు దూకాడు. "నేను లేడన్నది దేవుణ్ణి బావా! మామయ్యని కాదు!"

మెట్లు తుడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి, ఇతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఆసుపత్రిలో ఆడుకునే మాటలా అయ్యా అవి?" అని, కిందికెళ్ళి డబ్బా తీసుకొచ్చి, ఇతని చేతికివ్వకుండా బావ పక్కన పెట్టింది.

బావ లేచాడు. వార్డులోకి వెళ్ళి, తండ్రి మంచం పక్కన నిలబడి, గుండెలు లేచి పడుతుంటే చాలాసేపు చూశాడు. బయటికొచ్చి, "రక్తం ఇచ్చావటగా, నర్సు చెప్పింది. ఏమైనా తిన్నావా?" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇతను ఆ రాత్రి నిద్రపోయేవాడేమో.

నోరు జారిందని అక్కతో చెప్పాడు. అలవాటు కొద్దీ వచ్చేసిందన్నాడు. గ్రైండింగ్ ముసలాయనతోనూ అదే అన్నాడు. ముసలాయన "పోనీలేరా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. అక్క మాత్రం బియ్యం ఏరుతూ, చేట మీదనుంచి కళ్ళెత్తకుండా అడిగింది:

"నోరు జారితే జారింది. నవ్వెందుకొచ్చిందిరా?"

"నవ్వానని ఎవరన్నారు?"

"ఆయన ఇంకేం చెప్పలేదు. 'నవ్వుతూ చెప్పాడే' అన్నారు. అదొక్కటే." రాయి ఒకటి ఏరి పారేస్తూ అంది: "మీ ఇద్దరి వాదనలు నాకెప్పుడూ అర్థం కాలేదులే. ఆయనకి దేవుడి మీద అంత భక్తీ లేదు, నీకంత కోపమూ లేదు. పుంజులకి ముక్కులున్నాయి కదా అని పొడుచుకున్నట్టు పొడుచుకున్నారు."

పెద్దాయన ఇంటికొచ్చాడు. జావ తాగుతూ, "వీడి రక్తం ఎక్కాక నాకూ నాస్తికం పట్టుకునేలా ఉందర్రా" అని నవ్వించబోయాడు. బావ నవ్వాడు. ఇతను గిన్నె కడిగే వంకతో లేచి వెళ్ళిపోయాడు.

బావ మళ్ళీ షెడ్డుకి వచ్చాడు. క్యారేజీ మేకుకి తగిలించాడు. గోడవైపు తిరిగాడు. కానీ ఈసారి తిరిగినంతసేపు కూడా నిలబడలేదు. ముసుగు వేసుకుని రాడ్ అంటించాడు. ఇతను లేత్ ఆపకుండా చెవులు రిక్కించి చూశాడు. పిలుపు రాలేదు. మర్నాడూ రాలేదు. మధ్యాహ్నం అందరూ చుట్టూ చేరారు.

"ఏమర్రా, కోర్టుకి సెలవులా?" అన్నాడు ముసలాయన.

బావ కూర వడ్డించాడు. ఇతను తిన్నాడు. కోర్టు నడవలేదు. నాలుగు రోజులు చూసి జనం కూడా ఎవరి మూల వాళ్ళు వెతుక్కున్నారు.

దేవుడు లేడన్న అతని నమ్మకం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ మాటే నోటికి రావటం లేదు. ఓనరు ఉన్నాడా అని ఎవరైనా అడిగితే "బయటికెళ్ళారు" అంటున్నాడు. ముసలాయన 'లేడూ' అని కేక వేస్తే, వీపు మీద ఎవరో చరిచినట్టు ఉలిక్కిపడుతున్నాడు. రాత్రి పుస్తకం తీస్తే, మంచి వాదం కనబడినచోటల్లా మెట్ల మీద దొర్లిపోయే డబ్బా వినపడుతోంది.

ఒక మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళారు. బావ ఒక ఇత్తడి బుష్, పొట్టి గొట్టం ముక్కలాంటిది, తెచ్చి, లోపల గరుకు తీసిపెట్టమన్నాడు. ఇతను దాన్ని చక్‌లో, లేత్‌కుండే ఆ ఇనప పిడికిట్లో, బిగించి పని పూర్తిచేసి ఇచ్చాడు. బావ కదల్లేదు.

"నీ మీద కోపం లేదురా" అన్నాడు.

"తిట్టు బావా. ఒకసారి గట్టిగా తిట్టు. నేను నవ్వాను. నోరు జారటం నిజమే. కానీ నువ్వు కింద పడ్డాక కూడా వెంటనే చెప్పలేదు. చెప్పగలిగీ చెప్పలేదు."

"తెలుసు. చూశాను." బావ బుష్ లోపల వేలు పెట్టి తిప్పుతున్నాడు. "తిడదామనే అనుకున్నాను. తిట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ రోజు నువ్వు లేడన్నావు చూడు, అప్పుడు నేను కూడా అన్నాను. లోపల."

"ఏమని?"

"నువ్వు రోజూ అనేదే. నాన్న గురించి కాదు."

ఇతను చేతిలోని గుడ్డ లేత్ మీద పెట్టాడు.

"బస్సు ఎక్కినప్పట్నుంచీ ఒకటే మొక్కుకున్నానురా. పక్కవాడు లేచి వేరే సీట్లోకి పోయాడు, అంతగా గొణిగాను. చిన్నప్పట్నుంచీ పట్టుకున్న చెయ్యి అది. నువ్వొక్క మాట అనేసరికి ఠక్కున వదిలేశాను. నాన్న ఉన్నాడని తెలిశాక మళ్ళీ పట్టుకుందామంటే సిగ్గేస్తోంది. పొద్దున గోడ దగ్గర కళ్ళు మూసుకుంటాను. ఏమనాలో తోచదు. ఇన్నాళ్ళూ నువ్వు లేడంటుంటే, ఉన్నాడనటం నాకెంత తేలికో! ఇప్పుడు నిన్నడిగితే నువ్వు లేడంటావు. ఆ తర్వాత నేనేమనాలి? అందుకే అడగటం లేదు. నీ మీద అలిగి కాదు."

ఈ రోజు కోసం అతను ఎన్ని పుస్తకాలు చదివాడు! బావ నోటి వెంట ఈ మాట వచ్చిననాడు షెడ్డు మధ్యలో ఎలా నిలబడాలో, ఏమనాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాడు. తీరా వచ్చింది. అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేసి, ఏం తెచ్చానా అని మూట విప్పి చూసుకుంటే అందులో ఆ ఇంటి దీపం ఉన్నట్టయింది. తనకది పనికిరాదు. తిరిగి ఇద్దామంటే ఎలా ఇవ్వాలో తెలియదు.

"బావా..." అన్నాడు. మళ్ళీ అన్నాడు: "ఉన్నాడేమోలే బావా."

బావ తలెత్తి ఇతని మొహంలోకి చూశాడు. చాలా రోజుల తర్వాత పాత నవ్వు రాబోయింది కానీ, సగంలోనే ఆగిపోయింది.

"నువ్వు అనకురా" అన్నాడు మెల్లగా. "నీ నోట్లో బాగాలేదు."

బుష్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ తన మూలకి వెళ్ళిపోయాడు. కాసేపటికి టీ తాగి వచ్చినవాళ్ళ మాటలు గుమ్మం దగ్గర వినిపించాయి. ఇతను గబగబా లేత్ స్విచ్ వేశాడు. చక్‌లో ఏమీ లేదు. ఖాళీగా తిరుగుతున్న ఆ పిడికిలి మీదికి వంగి, పని చేస్తున్నవాడిలా, మొహం కనపడకుండా నిలబడ్డాడు.