నంబర్ పక్కన రాసినవి

కాకినాడలో రెండేళ్లు డాక్టరుగా పనిచేసి అమెరికాలోని ట్రాయ్ వచ్చాను. ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి కావలసిన రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ సీటు, దొరకలేదు. చివరికి షుగర్ పేషెంట్ల కోసం యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. ఆ యాప్ రోజూ ఫోన్‌లో వాళ్లను అడిగే ప్రశ్నలు రాయడం నా పని. ఇంటి నుంచే చేస్తాను. మా ఆయన వారమంతా వేరే ఊళ్లో క్లయింట్ దగ్గర ఉంటాడు. కొన్ని రోజులు సాయంత్రం దాకా నేను నోరు తెరిచి మాట్లాడిన మాటంటూ ఉండదు.

అందుకే చికాగోలో డిజిటల్ హెల్త్ కాన్ఫరెన్స్‌కి వెళ్తావా అని మేనేజర్ అడగ్గానే ఒప్పుకున్నాను. నలుగురు మనుషులను కలుస్తానని ఆశ. తీరా వెళ్తే అందరూ జట్లు జట్లుగా ఉన్నారు. కాఫీ కప్పు పట్టుకుని ఒక గుంపు పక్కన నిలబడ్డాను. వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఒకాయన నా మెడలోని బ్యాడ్జి చదివి, మా కంపెనీ ఏమిటో తెలియక, మర్యాదగా తలూపి అటు తిరిగాడు.

భోజనాల దగ్గర ఖాళీ టేబుల్ వెతుక్కుని కూర్చున్నాను. నాకంటే పదేళ్లు పెద్దావిడ ఒకరు ప్లేటుతో వచ్చి, బ్యాడ్జి మీద పేరు చూసి ఆగారు.

"తెలుగువాళ్లేనా? ఇక్కడ కూర్చోవచ్చా?"

గబగబా పక్క కుర్చీలోంచి నా బ్యాగు తీసేశాను. ఆవిడది వరంగల్. న్యూజెర్సీలో, బీపీ పేషెంట్లకు మా యాప్ లాంటిదే నడిపే టీమ్‌లో పనిచేస్తున్నారు. నా పని గురించి శ్రద్ధగా అడిగారు.

"మీ యాప్‌ల పేషెంట్ ఏమన్న రాసుకునే బాక్స్ ఉంటదా?"

"ఉందండీ. షుగర్ నంబర్ పక్కనే."

"అది ఎవరు చదువుతరు?"

ఆలోచించాను. "ఎవరూ చదవరండీ. మేం నంబర్లే చూస్తాం."

"మేం గూడ చదవకపోయేటోళ్లం. ఒకసారి ఊరికే ఓపెన్ చేసి చూసిన. ఒకాయన గోళీలు ఎందుకు ఆపిండో నెల సంది రాస్తనే ఉన్నడు. మేమేమో రోజూ 'వేసుకున్నారా' అని అడుగుతనే ఉన్నం. వెనక్కి పోయినంక నువ్వు గూడ చూడమ్మా."

డిన్నర్‌కి కలుద్దామనుకున్నాం. సాయంత్రం లాబీలో ఎదురుచూస్తుంటే ఆవిడ తన టీమ్‌తో వచ్చారు.

"సారీ అమ్మా, మా డైరెక్టర్ అందరికీ టేబుల్ బుక్ చేసిండు. నువ్వు గూడ రా."

మనస్ఫూర్తిగానే పిలిచారు. తెలియనివాళ్ల మధ్య నాకోసం ఇంకో కుర్చీ వేయించడం ఇష్టంలేక, పనుందండీ అన్నాను. రూముకి వెళ్లి సాండ్‌విచ్ తిన్నాను.

ట్రాయ్ వచ్చాక ఆ బాక్స్ తెరిచాను. కొందరు తిన్నవి రాశారు. కొందరు మమ్మల్ని తిట్టారు. ఒక ముసలావిడ మాత్రం మోకాళ్ల నొప్పి, బయట కురిసే మంచు, ఫోన్ చేయని చెల్లెలు, అన్నీ రాసింది. ఈ మధ్య చెయ్యి వణికి, షుగర్ చూసుకోవడానికి వేలికి సూది గుచ్చుకోలేకపోతున్నానని కూడా రాసింది.

మేనేజర్‌తో మాట్లాడాను. వారానికోసారి, శుక్రవారం, అవన్నీ నేను చదివి, అవసరమైనవి నర్సుకు పంపడానికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి న్యూజెర్సీ ఆవిడకి మెసేజ్ పెట్టాను. "వెరీ గుడ్ అమ్మా" అని జవాబు వచ్చింది. తర్వాత మేం మాట్లాడుకోలేదు.

ముసలావిడకి నర్సు ఫోన్ చేసి, సూది తేలిగ్గా గుచ్చుకునే పద్ధతి చెప్పింది. ఇప్పుడు వారం వారం చేస్తోందట. ఇంకా ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. అప్పటినుంచి ఆవిడ నంబర్లు మాత్రమే పంపుతోంది. పక్కన ఏమీ రాయడం లేదు. చెప్పుకోవడానికి మనిషి దొరికిందని సంతోషించాను. అయినా శుక్రవారం కంప్యూటర్ ముందు కూర్చోగానే ముందు ఆవిడ పేజీయే తెరుస్తున్నాను.