వీపుకెవరు చెప్పినారు?

2023. హోసూరులోని ఒక చర్మ వైద్యశాలలో నేను ప్యాచ్ టెస్టు టెక్నీషియన్‌గా చేరి రెండేళ్లయింది. ఒంటికి ఏది పడదో కనిపెట్టే పరీక్ష ఇది. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపుకు అంటిస్తాం. రెండు రోజులకు తీస్తాం, నాలుగో రోజు మళ్లీ చూస్తాం. ఎర్రబడి ఉబ్బిన చోటే జవాబు.

రాయకోట నుంచి వచ్చిన మునెమ్మ గులాబీ తోటలో పూలు కోస్తుంది. రెండు చేతులూ మణికట్టు దాకా పొక్కి, పగిలి ఉన్నాయి.

"ఇవి మానకుంటే పనికి రావద్దన్నాడప్పా మేస్త్రి. ఆ రోజాపువ్వే నన్ను కొరికేది. దాన్ని ఇడిసి నేను యాడికి పోయేది?"

నా అనుమానాలూ వరుసగా అవే: గులాబీ రేకు, ఆకు, తోటలో కొట్టే మందు. నాలుగో రోజు చూస్తే వాటిలో ఒక్కటీ ఎర్రబడలేదు. అందరికీ మామూలుగా పెట్టే రబ్బరు రసాయనం చోట మాత్రం నీటిపొక్కులు లేచాయి. ముళ్లకు అడ్డుగా ఆమె తొడుక్కునేది రబ్బరు గ్లౌజులే. చేతులు పొక్కేకొద్దీ వాటిని ఇంకా విడవకుండా తొడుక్కుంది.

వీపును ఫోటో తీసి చూపించాను.

"గ్లౌజు తొడిగింది చేతికి కదప్పా. వీపుకెవరు చెప్పినారు?"

జవాబు నేను చదువుకున్నదే. అయినా ఆ ఎర్రటి మచ్చను చూస్తూ చెబుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. చర్మంలో కొమ్మలు చాచుకుని డెండ్రిటిక్ కణాలు కాపలా ఉంటాయి. కొత్త పదార్థం తగిలితే దాని తునకను పట్టుకుని, చర్మాన్ని వదిలి, చంకలోని లింఫ్ గ్రంథి దాకా పోతాయి. అక్కడ దాన్ని తమ ఒంటిమీద ఎత్తిపట్టి, ఒంటి తరఫున పోరాడే టి కణాలకు చూపిస్తాయి. అన్ని టి కణాల్లో దాన్ని గుర్తుపట్టేవి ఏ కొన్నో. అవే వేలుగా పెరిగి ఒళ్లంతా తిరుగుతాయి, వీపుకూ వస్తాయి. అదే పదార్థం మళ్లీ ఎక్కడ తగిలినా అక్కడ దాడి చేస్తాయి.

"ఓ! నేను నల్లి పురుగు పట్టిన ఆకు తుంచి మేస్త్రికి చూపించినట్టు. ఆయన చూసినంక కదా మందు కొట్టేవోళ్లు అన్ని సాళ్లకూ పోయేది."

"అచ్చం అంతేనమ్మా."

"మరి గ్లౌజు నల్లి కాదే! దాన్నెందుకు చూపించినాయి?"

"చర్మం గాయపడితే ఆ కణాలు అపాయమని ఉలిక్కిపడతాయమ్మా. గ్లౌజు దాటి ముల్లు దిగేదా?"

"దిగకుండా యాడికి పోతుంది?"

"అప్పుడు పక్కనే రబ్బరు కనబడి ఉంటుంది."

ఆమె పకపకా నవ్వింది. "పొడిచింది ముల్లు, పేరు గ్లౌజుకు! మా తోటలోనూ ఇదే న్యాయమప్పా."

డాక్టరు గారు రబ్బరు కలవని తోలు గ్లౌజులు వాడమన్నారు. కొన్ని వారాలకు పని ముగించుకుని వచ్చి, మానిన చేతులు చాపింది. పట్టుకుని చూడబోయాను.

"నీ రబ్బరు గ్లౌజులు తీసి ముట్టుకోప్పా. నా కాపలావోళ్లు ఇంకా మేలుకొనే ఉండారు."

నిజమే. చర్మం మానింది గానీ ఆ కణాల జ్ఞాపకం చెరగదు. గ్లౌజులు తీసి ఆ అరచేతులు పట్టుకున్నాను. పైకి ఏమీ కనబడదు, లోపల అంత కాపలా.

ఇప్పుడు ఎవరొచ్చినా, ఏది తగిలిందని అడగడానికి ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: "చేతులకు అడ్డుగా ఏమి తొడుక్కుంటారు?"