ఆమోసు గారి నూట యాభై రెండు

ముందు శబ్దం వచ్చేది. పిక్, పిక్, పిక్ అంటూ మెట్ల మీద ఏదో పిట్ట తొందరపడుతున్నట్టు. వెనకాలే వేలికి గుండె వేగం చూపించే క్లిప్పు తగిలించుకుని ఆమోసు గారు వచ్చేవారు. గవర్నర్‌పేటలోని మా పళ్ళ ఆసుపత్రిలో భయాన్ని అంత సంబరంగా ఊరేగించిన మనిషి ఇంకొకరు లేరు.

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించే ఆరడుగుల మనిషి. జ్ఞానదంతం తీయించుకుంటానని రెండేళ్ళలో తొమ్మిదిసార్లు వచ్చారు. మాట్లాడటానికి తప్ప ఒక్కసారీ నోరు తెరవలేదు.

"మీ వంతండీ" అంటే, "నూట ఇరవై ఆరమ్మా! ఈ స్పీడులో బ్రేకేస్తే బండి బోల్తాయే. ముందు వాళ్ళని కానివ్వండి" అనేవారు. ట్రే చప్పుడుకి నూట ముప్పై. గోడ మీద పేస్టు ప్రకటనలో అమ్మాయి నవ్వుకి నూట పద్దెనిమిది.

"అది మాత్రం భయం కాదు మేడమ్" అనేది మా నర్సు స్టెల్లా.

మొన్న వేసవిలో కైకలూరు నుంచి పెద్దింట్లమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి. జ్ఞానదంతం దగ్గర చీము పట్టి నాలుగు రోజులుగా గంజి తప్ప దిగడం లేదు. ఆ పన్ను ఆ రోజే రావాలి. కుర్చీలో కూర్చోబెట్టి వేలికి మా క్లిప్పు పెట్టగానే ఆమె గుండె రేకుల మీద వానయింది: నూట ముప్పై ఎనిమిది. అది దిగితేగానీ మత్తుసూది వేయనన్నాను. ఆమె లేచి సంచీ అందుకుంది.

"పోతానమ్మా. చస్తే ఇంటికాడే చస్తా."

సరిగ్గా అప్పుడే ఆమోసు గారు తలుపు తోసుకొచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది.

"నూట యాభై రెండు! ఎవరన్నా దాటారా?"

పెద్దింట్లమ్మ తన వేలు చూసుకుంది. "నాది నూట ముప్పై ఎనిమిదే."

"అంతేనా అక్కా? నా ముందు నువ్వు సైకిలువి!"

"ఇంత మనిషివి, పంటికి భయమేందయ్యా?"

"పంటికి కాదు, డాక్టరమ్మకి."

"ఆ పిల్లకా? ఆ చెయ్యి చూడు, కొరమీను తోకంత లేదు!"

వాచిన బుగ్గ పట్టుకుని, అబ్బా అబ్బా అంటూనే నవ్వింది. నూట ఇరవై.

"అక్కా, నీ చెయ్యి పట్టుకోనా?"

"పట్టుకో, పట్టుకో. పడిపోయేట్టున్నావు."

నూట ఎనిమిది. తొంభై నాలుగు. అరగంటలో పన్ను ట్రేలో ఉంది. ఆమె చెయ్యి మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆమె వెళ్ళాక స్టెల్లా నా చెవిలో ఊదింది. "బయట కూర్చున్నప్పుడే ఆవిడ భయం విని, ఈయన మూడంతస్తులూ నాలుగుసార్లు ఎక్కి దిగారు మేడమ్."

ఆయన్ని బలవంతాన కూర్చోబెట్టి నోరు తెరిపించాను. జ్ఞానదంతాలు ఉండాల్సిన నాలుగు చోట్లా ఖాళీ. చిగురు ఎప్పుడో మాని, వెన్నలా నునుపుగా ఉంది.

"ఎప్పుడు తీయించుకున్నారు?"

"పదకొండేళ్ళయిందమ్మా, గుంటూరులో."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకొస్తున్నారు?"

ఆయన క్లిప్పు తీసి జేబులో వేసుకున్నారు. "ఆ రోజు బెంచీ మీద ఎనిమిది మందిమి ఉన్నాం. అందరూ ధైర్యంగా కూర్చున్నారు. ఒక్కడన్నా భయపడితే ఎంత హాయిగా ఉండేదో!"

గుమ్మం దాకా వెళ్ళి, గోడ పట్టుకుని వెనక్కి తిరిగారు.

"వచ్చేవారం కాస్త ధైర్యస్తుల్నే పిలిపించండమ్మా, మోకాళ్ళు పట్టేశాయి."