పొట్టేలుతో నా పట్టు

మెత్తటి దిండు వేసుకుని కూర్చుని ఈ కథ రాస్తున్నాను. దిండు ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఒక్క ముక్క మాత్రం ముందే చెప్పేస్తాను: గిద్దలూరు చుట్టుపక్కల నోటిదూల వల్ల గోదా పోగొట్టుకున్న పహిల్వాను ఎవడయ్యా అంటే, ఈనాటికీ నా పేరే చెబుతారు. నా మనవళ్ళు కూడా చెబుతారు, అదే నా బాధ.

అప్పట్లో మా ఊళ్ళు కర్నూలు జిల్లాలో ఉండేవి, కర్నూలు మదరాసు కింద ఉండేది. మదరాసులో ఎవరు ఏలుతున్నారో మాకు పట్టేది కాదు, తిరునాళ్ళలో ఎవరు గెలిచారో కావాలి. అందుకని మా ఊరు నన్ను పహిల్వానుగా పెంచుకుంది. వంతుల ప్రకారం ఇంటికో చెంబు పాలు వచ్చేవి. ఆ పాలు తాగడం, మస్తాను వస్తాదు కుస్తీ నేర్పే తాలింఖానాలో మట్టిలో పొర్లడం, ఊరి తరఫున ఎదుటివాణ్ణి పడెయ్యడం, ఇదీ నా ఉద్యోగం. ఒళ్ళు బాగానే పెరిగింది. దాంతోపాటు నోరూ పెరిగింది.

గెలిచినవాడికి మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఓడినవాడికి చెయ్యిచ్చి లేపాలి, వాడి వీపున మన్ను దులపాలి, ఇద్దరూ కలిసి జనానికి దండం పెట్టాలి. నోరు విప్పే పనే లేదు. రాచర్ల దగ్గర ఒక తిరునాళ్ళలో మల్లడనే గొర్రెల కాపరిని వెల్లకిలా పడేశాను. డప్పులు ఆగాయి. అంతమందీ నన్నే చూస్తుంటే నాకు తిక్క లేచింది. మల్లణ్ణి మట్టిలోనే వదిలేసి తొడ కొట్టాను.

"రాచర్లోళ్ళు గొర్రెల వెంట తిరిగి తిరిగి గొర్రెల మాదిరే తయారైనారు. మీకు కుస్తీ ఎందుకు? పోయి పొట్టేళ్ళతో పట్టు పట్టుకోండి."

ఎవరూ నవ్వలేదు. మస్తాను వస్తాదు నా చెవి పట్టుకుని గోదా బయటికి లాక్కుపోయాడు.

మర్నాడు పాలు రాలేదు. ఆ పూట వంతు ఓబుళవ్వది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఓబుళవ్వ కూతుర్ని ఇచ్చింది రాచర్లకే, మల్లడు ఆమె సొంత మనవడు. సాయంత్రం వంతు వాళ్ళూ పంపలేదు. ఓబుళవ్వ ఇంటింటికీ తిరిగి చెప్పిందట, "నేను పోసిన పాలు తాగి నా మనవణ్ణి గొర్రె అన్నాడు" అని.

పాల సంగతి ఎట్లాగో సర్దుకునేవాణ్ణి. కానీ వచ్చే సోమవారం గిద్దలూరులో కంభం పహిల్వానుతో పట్టు ఉంది. గెలిస్తే వెండి కడియం, ఆ పైన తాలింఖానాలో వస్తాదు తరవాత నేనే. దానికోసమే ఇన్నేళ్ళూ మట్టి తిన్నాను. ఇప్పుడు మునసబు పంచాయితీ పెడతాడట, నన్ను గిద్దలూరు పంపాలా వద్దా అని. ఇంక నిద్ర ఎక్కడ పడుతుంది? కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

పంచాయితీ తాలింఖానా ముందరే పెట్టారు. మునసబు నాకు వరసకు మామ. ఓబుళవ్వ కొంగు నడుముకు చుట్టుకుని ఎదురుగా కూర్చుంది. రాచర్ల నుంచి మల్లడూ వచ్చాడు, ఓ పక్కన నిలబడ్డాడు.

ముందు వస్తాదు నా తరఫున మాట్లాడాడు. "కుస్తీ చేసేటోని చెయ్యి చూడాల గానీ నోరు చూస్తారా రెడ్డీ? నోరు జారిన ప్రతివాణ్ణీ గెంటేస్తే మన గోదాలో కుక్కలు పండుకుంటాయి."

మునసబు ఒప్పుకోలేదు. "వాడు ఇంట్లో కూర్చోని అనుంటే నాకెందుకు వస్తాదూ? మనం పెంచిన ఒళ్ళు చూపించి నలుగురి ముందర అన్నాడు. రేపు రాచర్లోళ్ళు ఎదురుపడితే మనమే అన్నట్టు గదా."

"అయితే నాలుగు తిట్టు. ముద్ద మాత్రం లాక్కోవద్దు."

వస్తాదు మాట మునసబుకు ఎక్కుతున్నట్టే ఉంది. గడ్డం గోక్కుంటున్నాడు. నేను కాసేపు నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు కాలు నిలవలేదు. లేచాను.

"తప్పేముంది మామా? పొట్టేలుతో పట్టు పట్టుకోమన్నా, అంతే గదా. అదేమన్నా బూతా? నేనైతే ఒక్క పట్టుకే ఏ పొట్టేలునైనా పడేస్తా."

వస్తాదు తల పట్టుకున్నాడు. ఓబుళవ్వ ముఖం మాత్రం ఆ రోజు మొదటిసారి విప్పారింది.

"ఇంక శిక్ష ఎందుకు నాయనా?" అంది మునసబుతో. "వాని మాట వాణ్ణే చేసి చూపించమను. నా పొట్టేలును తోలుకొస్తా."

మునసబు అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. "ఏమిరా చెన్నా, పొట్టేలును పడేస్తే నీకు ఏ శిక్షా లేదు, గిద్దలూరు పో. అది నిన్ను పడేస్తే నీ బదులు ఓబుళవ్వ మనవడు మల్లడే మన ఊరి తరఫున పోతాడు. సరేనా?"

సరే అన్నాను. అనక ఏం చేస్తాను?

పొట్టేలు వచ్చింది. ఓబుళవ్వ దాన్ని బుజ్జిగా అని పిలుస్తుంది గానీ అది బుజ్జిది కాదు, మునసబు ఇంటి గుమ్మంలో పట్టదు. గోదాలో దిగి, వస్తాదు నేర్పినట్టే నడుము వంచి, తల దించి, చేతులు చాపాను. పొట్టేలు నన్ను చూసింది. మెల్లిగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. అట్లా గోదా అంచు దాకా పోయింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. జనం వైపు తిరిగి మళ్ళీ తొడ కొట్టాను. "చూసినారా, నన్ను చూసి వెనక్కి పోతాంది."

పొట్టేలు వెనక్కి పోయేది దేనికో గొర్రెల కాపరుల ఇళ్ళలో పాకే పిల్లలకు కూడా తెలుసట. నాకు మాత్రం ఆ క్షణాన, వెనకవైపు నుంచి తెలిసింది. గోదాలో ఉన్నవాణ్ణి వస్తాదు ఒళ్ళో పడ్డాను. ఇద్దరం కలిసి పక్కనున్న నీళ్ళ తొట్టిలో పడ్డాం.

నాకు చెయ్యిచ్చి లేపింది మల్లడు. మన్ను లేకపోయినా నా తడి వీపు దులిపి, నా చేత కూడా జనానికి దండం పెట్టించాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం గిద్దలూరులో అందరూ కూర్చుని చూశారు, నేను నిలబడి చూశాను. మల్లడు కంభం పహిల్వానును పడేశాడు, లేపాడు, మన్ను దులిపాడు, దండం పెట్టాడు. కడియం తొడుగుతూ అక్కడి పెద్ద ఒకాయన అడిగాడు, "ఇంత బాగా ఎట్ల నేర్చినావు నాయనా?"

మల్లడు జనంలో వెతికి వెతికి నన్ను చూపించాడు. "ఆ అన్న చెప్పినాడు, పొట్టేళ్ళతో పట్టు పట్టుకోమని. పట్టుకున్నా."

తిరునాళ్ళంతా నన్ను చూసి పగలబడి నవ్వింది. నేను కుంటుకుంటూ మునసబు దగ్గరికి పరిగెత్తాను.

"మామా, వాడు నలుగురి ముందర నన్ను అన్నాడు. వానికీ శిక్ష వెయ్యి."

"వాడేమన్నాడురా? నీ మాటే గదా నీకు చెప్పినాడు" అన్నాడు మునసబు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజే, అక్కడే, నిలబడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో నలుగురి ముందర నోరు విప్పేముందు, నా వెనక ఏం నిలబడి ఉందో ఒకసారి చూసుకుంటాను.