తడి చేతికి చిక్కని పిన్ను

షెడ్డులో ఆమెను అందరూ గొడుగక్క అంటారు. నౌకాదళం కోసం తయారవుతున్న కొత్త హెలికాప్టరు పంకా రెక్కల్ని గొడుగులా వెనక్కి మడిచే బృందానికి ఆమె పెద్ద ఫిట్టరు. రెక్కలు ముడుచుకోకపోతే హెలికాప్టరు ఓడలోని గదిలో పట్టదు. మడిచిన రెక్కను కదలనివ్వకుండా పట్టి ఉంచేది బొటనవేలంత ఉక్కు పిన్ను.

ఆ పిన్నులు ఆమె చేసినవే. రంధ్రం దగ్గర పెడితే చాలు, జర్రున దిగిపోయేంత నునుపుగా సానబట్టింది.

"పిన్నులా, నగలా ఇవి?" అని షెడ్డు చూసుకునే పెద్దసారు వేళాకోళం చేసేవాడు గానీ, వచ్చినవాళ్లందరికీ ముందు వాటినే చూపించేవాడు.

ఓడ మీద పరీక్షకు బయల్దేరినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. "ఇది నెగ్గకపోతే మోటారుతో మడిచే పద్ధతి తెస్తారు. మీరంతా మళ్లీ రేకుల విభాగానికే" అన్నాడు.

డెక్కు మీద నావికుడు రెక్కను వెనక్కి తిప్పి, పిన్ను అందుకున్నాడు. జారింది. మళ్లీ తీశాడు. మళ్లీ జారి దొర్లుకుంటూ పోయింది. గొడుగక్క పరుగున వెళ్లి దాన్ని ఏరి తెచ్చింది. షెడ్డులో ఒక్కసారైనా ఇలా కాలేదే!

"ఏం తమ్ముడూ, పొద్దున తిన్నావా లేదా?"

"తిన్నానక్కా. నువ్వోసారి ఇవి వేసుకుని పట్టుకో, చూద్దాం" అని అతను తన చేతి తొడుగులు విప్పి ఇచ్చాడు.

దళసరివి, ఉప్పునీళ్లకు తడిసి ముద్దయినవి. వేసుకుని పట్టుకుంది. పిన్ను చేపపిల్లలా జారిపోయింది. షెడ్డులో ఇన్నాళ్లూ అందరూ ఉత్త చేతులతోనే పని చేశారు. తొడుగుల మాట ఒక్కరికీ తట్టలేదు. ఆమెకు నవ్వొచ్చింది. రెండు వేళ్లతో పట్టి చూసింది, పిడికిట పట్టి చూసింది.

"నవ్వులాటగా ఉందా నీకు?" పెద్దసారు పళ్లు కొరికాడు.

"ఉండండి సార్. తమ్ముడూ, సన్న తాడేమైనా ఉందా?"

నావికుడు జేబులోంచి తాడుముక్క తీసి, పిన్ను తలకున్న చిల్లులోంచి దూర్చి, ఉచ్చులా ముడేశాడు. తొడుగు వేలు అందులో దూరింది. ఈసారి పిన్ను చెప్పినచోట కూర్చుంది.

పరీక్షాధికారి వంగి చూశాడు. "తాడు పనికిరాదు. ఉక్కు రింగు వేసి మళ్లీ తీసుకురండి" అన్నాడు. నెగ్గినట్టు కాదు, ఓడినట్టూ కాదు.

సాయంత్రం ఇంటి గుమ్మంలో భర్త విసుక్కున్నాడు. "ఏంటా తొడుగులు? తాళం తియ్యి, వాన పడుతోంది!"

"కాస్త ఆగు" అందామె, తాళంచెవి పట్టుకున్న చేతిని చూరు కిందనుంచి బయటికి చాపి. "ఇంకా సరిగ్గా తడవలేదు."