వేలు పడిన చోటల్లా

వీడియో ఎడిటరు చూపుడువేలు ఊరికే ఉండదు. దగ్గులూ, నిట్టూర్పులూ, నీళ్లు నమలడాలూ కోసేసి జనం మాటల్ని నున్నగా చేయడమే అతని పని. కోత పెట్టాల్సిన చోట వేలు మీట మీద టక్కున పడుతుంది. ఇంట్లో అన్నం బల్ల మీదా పడుతుంది. "నా మాటలు కూడా కోసేస్తున్నారా?" అంటుంది భార్య.

అమ్మ పోయిన వారానికి, ఆమెను సాగనంపిన రోజు తీసిన వీడియో పిన్ని తెచ్చి ఇచ్చింది. "ఏడుపులు తీసెయ్ నాన్నా, వినలేకపోతున్నా. అక్క మొహం ఉంటే చాలు." తెర మీద అందరూ గుండెలు బాదుకుంటున్నారు. మూలన తను పొడికళ్లతో నిలబడి ఉన్నాడు. ఎవరు బావురుమన్నా తన వేలు తొడ మీద టక్కున పడుతోంది. అతను కాసేపు చూశాడు. తర్వాత, ఆ వేలు పడిన చోటల్లా కోసుకుంటూ పోయాడు. ఒక్క కోతా గురి తప్పలేదు.