గిర్నమ్మ అనే పేరు

అశోక్ నగర్ హాస్టల్‌లో పక్కగది మిత్రుడు ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నపిండి డబ్బా మూత తీశాడు. అప్పుడే పట్టించిన పిండి వాసన తగలగానే చదువుతున్న పుస్తకం పక్కన పెట్టాను. కాలేజీ రోజుల్లో మేం ఉన్న చిక్కడపల్లి సందు చివర పిండి గిర్ని నడిపిన రాజమ్మ గారు కళ్లముందు నిలిచారు. ఒకరి పిండి మరొకరి డబ్బాలో కలవకూడదని, గింజ మారిన ప్రతిసారీ తన సొంత గింజలు గుప్పెడు వేసి గిర్ని రాళ్లు శుభ్రం చేసే మనిషి ఆమె. సందంతా ఆమెను గిర్నమ్మ అనే పిలిచేది. నేను మాత్రం పిలవలేదు.

నారాయణగూడలో కాలేజీ వక్తృత్వ పోటీలో, మనిషిని పనిముట్టు పేరుతో పిలవడం అవమానమని వాదించి గెలిచిన రోజులవి. అప్పుడే ఆమె కొడుకు 'గిర్నమ్మ' అని ఉన్న తుప్పుపట్టిన బోర్డు మార్పించబోయాడు. నేను లైబ్రరీలో నిఘంటువు తిరగేసి, అతన్ని ఒప్పించి, 'రాజమ్మ పిండిమర' అని రాయించడం మొదలుపెట్టాను. పెయింటర్ సుద్దతో అక్షరాలు గీయడం చూసి ఆమె బయటికొచ్చారు.

"నా బోర్డు మీదికెల్లి నన్నే తీసేస్తున్నవేంది బిడ్డా?"

"గిర్ని అంటే మర, రాజమ్మ గారూ. మరాఠీ నుంచి వచ్చిన మాట. మీరు మర కాదు కదా?"

"గారు ఏందిరా, నేనేమన్న తహసీల్దారునా?" అని నవ్వి, లోపలికి వెళ్లి గిర్ని ఆపేశారు. డబ్బాలతో నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు.

"మా అమ్మ ఇండ్లల్ల ఇసుర్రాయి ఇసిరేది. ఆమె పేరేందో ఒక్కళ్లకు ఎరుకలేదు. 'ఇసిరేదాన్ని పిలువుండ్రి' అనేటోళ్లు. నేను ఇసిరేదాని బిడ్డను, గంతే. గిర్ని నేను వెట్టినంక గా ఇండ్లోళ్లే డబ్బాలు వట్టుకొచ్చి, 'గిర్నమ్మా, జర మాది పట్టియ్యి' అన్నరు. గా పేరు నేను తెచ్చుకున్న. మా అమ్మకు దొరకలే. ఇప్పుడు నువ్వు తీసేస్తవా?"

వరుసలోని ఒకావిడ, "కాలేజీల గెలిచినవ్ గని గిర్నిల ఓడినవ్ పో!" అంది. అందరూ నవ్వారు.

ఆ పేరు ఎక్కడ పుట్టిందో పుస్తకంలో వెతికాను. అది ఆమె జీవితంలో ఎలా పుట్టిందో ఆమెను అడగలేదు. తడిగుడ్డ తీసుకుని సుద్ద గీతలు నేనే చెరిపేశాను.

"మరి ఏం రాయాలె?" అన్నాడు పెయింటర్.

"గిర్నమ్మ అని రాయి. దూరంకెల్లి కనవడాలె," అన్నారామె.

ఆ ఎర్రటి అక్షరాల కింద ఆమె నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడిన తీరులో ఉన్న గర్వం, నేను బహుమతి అందుకున్న ఏ వేదికమీదా నాకు కలగలేదు. ఇప్పటికీ ఎవరి పక్షాన మాట్లాడవలసి వచ్చినా, ముందు వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి అడుగుతాను. వాళ్లు వద్దంటే నా వాదన ఎంత బాగున్నా పక్కన పడేస్తాను.